ల్యాబ్ తాళంచెవి

జిల్లా పరిషత్ హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబ్‌ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వరండా చివర, కిటికీలకు గ్రిల్స్ వేసి, తలుపుకు పెద్ద తాళం వేలాడుతూ ఉన్న గది ఏదో అదే. తాళంచెవి ఎక్కడుందో మాత్రం వెతకాలి. హెచ్‌ఎం గారి బీరువాలోనో, ఇన్‌చార్జి టీచరు బ్యాగులోనో ఉంటుంది. ఆ టీచరు సెలవు పెడితే ల్యాబ్‌కూ సెలవే. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు. లోపలున్న ప్రతి మానిటరూ, ప్రతి మౌసూ స్టాకు రిజిస్టరులో ఎక్కి ఉంటుంది. ఏది పాడైనా సంజాయిషీ చెప్పుకోవలసింది సంతకం పెట్టిన మనిషే. ఆ బాధ్యత చాలాచోట్ల లెక్కల సారు మీదో, ఫిజిక్స్ మేడమ్ మీదో అదనంగా పడుతుంది. పిల్లవాడు ఏదో నొక్కుతాడు, స్క్రీను నల్లబడుతుంది, ఎందుకు నల్లబడిందో టీచరుకూ తెలియదు. నలభైమంది పిల్లల ముందు ఆ క్షణం ఎదురవడం కన్నా తాళం తీయకుండా ఉండటమే క్షేమమనిపిస్తుంది.

ఈ అధ్యాయమంతా ఆ భయం చుట్టూనే తిరుగుతుంది. పిల్లలకు కంప్యూటింగ్ నేర్పాలంటే ఏం కావాలని ఎవరిని అడిగినా ముందు యంత్రాల లెక్క చెబుతారు. సిస్టమ్స్ ఎన్ని, యూపీఎస్ ఎంత, నెట్ స్పీడు ఎంత. టీచరు ప్రస్తావన చివర్లో వస్తుంది, అదీ గుర్తొస్తేనే. ఈ వరస తిరగబడాలి. పిల్లల పక్కన నిలబడే మనిషికి ముందుగా సమయం, తోడు, ధైర్యం ఇవ్వాలి. ఆ తర్వాత యంత్రాలు తక్కువైనా, పాతవైనా పని జరుగుతుంది.

మన దేశంలో మొదటినుంచీ యంత్రమే ముందు వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద బడులకు బ్రిటన్ వారి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఏజెన్సీలు ల్యాబులు పెట్టి, కాంట్రాక్టు మీద కంప్యూటర్ టీచర్లను తెచ్చాయి. గడువు తీరాక టీచర్లు వెళ్లిపోయారు, యంత్రాలు మిగిలాయి. 2020 జాతీయ విద్యా విధానం మిడిల్ స్కూలు దశ నుంచే, అంటే ఆరో తరగతి నుంచి, పిల్లలకు కోడింగ్ పరిచయం కావాలని చెప్పింది. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం కంప్యూటర్ ఉన్న బడులు 2023-24లో 57.2 శాతం, ఆ మరుసటి ఏడు 64.7 శాతం. ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 నుంచి 63.5 శాతానికి పెరిగాయి. గదిలోకి యంత్రం వస్తూనే ఉంది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ముందుంది. పల్లెల్లోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లల గురించి గ్రామీణ విద్యా సర్వే 'అసర్' 2024 నివేదిక చెప్పినదాన్ని ప్రతి ఉపాధ్యాయుడూ చూడాలి. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. వాడటం ఎవరూ నేర్పకుండానే పిల్లలకు వచ్చేసింది. లోపల ఏం జరుగుతోందో, దానిచేత తమ మాట ఎలా వినిపించుకోవాలో చెప్పే పెద్దవాళ్లు మాత్రం పక్కన లేరు.

ఇంగ్లండ్ ఆలస్యంగా నేర్చుకున్న సంగతి

పిల్లలకు కంప్యూటింగ్ నేర్పే పనిని దేశమంతటా ఒకేసారి చేసి చూసిన దేశం ఇంగ్లండ్. అక్కడి బడుల్లో 'ఐసీటీ' పేరుతో నడుస్తున్నది వర్డ్, పవర్‌పాయింట్ శిక్షణేనని, పిల్లలు కంప్యూటర్ సైన్స్ మొహం చూడటం లేదని 2012 జనవరిలో రాయల్ సొసైటీ నివేదిక ఇచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల పిల్లల నుంచి మొదలుపెట్టి 'కంప్యూటింగ్' అనే కొత్త సబ్జెక్టు తెచ్చారు. నిన్నటిదాకా స్లైడ్లు చేయించిన టీచరు ఇవాళ అల్గారిథమ్ చెప్పాలి. సిలబస్ వచ్చినంత వేగంగా శిక్షణ రాలేదు. 2017 నవంబరులో అదే రాయల్ సొసైటీ మళ్లీ చూసి, చాలామంది టీచర్లు తమకు అలవాటు లేని సబ్జెక్టును సరైన ఆసరా లేకుండా చెబుతున్నారని తేల్చింది. పదహారో ఏట రాసే జీసీఎస్‌ఈలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవారిలో అమ్మాయిలు ఐదుగురిలో ఒకరే. ఆ తర్వాత గాని ప్రభుత్వం టీచర్ల కోసమే 8.4 కోట్ల పౌండ్లు కేటాయించి, 2018లో జాతీయ కంప్యూటింగ్ విద్యా కేంద్రాన్ని ఏర్పాటు చేయలేదు. సబ్జెక్టుకూ, దాన్ని చెప్పేవాళ్లకు అందిన సాయానికీ మధ్య నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లలో భయపడుతూ క్లాసులోకి వెళ్లిన టీచర్లు ఎందరో.

అయితే ఆ దేశంలో ఒక మంచి పని ప్రభుత్వం కన్నా ముందే మొదలైంది. 2008లో కొందరు టీచర్లు, విశ్వవిద్యాలయాల వాళ్లు, కంపెనీల్లో పనిచేసే వాళ్లు కలిసి 'కంప్యూటింగ్ ఎట్ స్కూల్' అనే బృందం పెట్టుకున్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుస్తారు. తన క్లాసులో ఏది పనిచేసిందో, ఏది తిరగబడిందో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు ఆ వర్క్‌షీటు తీసుకెళ్లి తమ క్లాసులో వాడతారు. పైనుంచి వచ్చిన అధికారి చెప్పినప్పుడు తలాడించే టీచరు, పక్క ఊరి టీచరు చెప్పినప్పుడు ఎదురు ప్రశ్నలు వేస్తాడు. నేర్చుకోవడం ఆ ప్రశ్నల్లోనే ఉంది.

కేరళ ఈ కిటుకు తొందరగా పట్టుకుంది. 2001లో మొదలైన 'ఐటీ ఎట్ స్కూల్' 2017లో 'కైట్' అనే ప్రభుత్వ సంస్థగా మారింది. అక్కడ హైస్కూల్లో కంప్యూటర్ పాఠం కోసం బయటి నుంచి మనిషి రాడు. లెక్కల టీచరు, మలయాళం టీచరు, సోషల్ టీచరు వాళ్లే నేర్చుకుని చెబుతారు. వాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లూ ఒకప్పుడు అదే బల్ల దగ్గర నిలబడిన ఉపాధ్యాయులే. సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2018లో 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. ల్యాబ్ బాగోగులు చూడటంలో ఆ పిల్లలు టీచరుకు చేదోడు. స్టాకు రిజిస్టరు భయానికి ఇంతకన్నా మంచి మందు కనిపించదు. ల్యాబ్ తమదనుకున్న పిల్లలు మౌసు విరగ్గొట్టరు, ఇంకొకరిని విరగ్గొట్టనివ్వరు.

తెలుగు నేల మీదా ఇలాంటి ప్రయత్నం ఉంది. మొయినాబాద్‌లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల కోడింగ్ అకాడమీతో కేంబ్రిడ్జికి చెందిన రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ కలిసి పాఠ్యప్రణాళిక మీద పనిచేస్తోంది. కానీ మామూలు హైస్కూల్లో, అకాడమీ పేరు లేని చోట, టీచరు రేపు పొద్దున ఏం చేయాలి? అక్కడికి వద్దాం.

తెలుగు పీరియడ్‌లో కంప్యూటర్

ముందుగా ల్యాబ్ అవసరం లేని పాఠం. న్యూజీలాండ్‌లోని క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టిమ్ బెల్, ఆయన మిత్రులు కలిసి 'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కరెంటు లేకుండా, అట్టముక్కలు, తాళ్లు, సుద్దముక్కలతో కంప్యూటర్ సైన్స్‌లోని మూల ఆలోచనలు చెప్పడం ఆ పద్ధతి. ఐదు అట్టలు, వాటి మీద 16, 8, 4, 2, 1 చుక్కలు. ఐదుగురు పిల్లలు వరసగా నిలబడి పట్టుకుంటారు. రోల్ నంబరు 19 రావాలంటే ఎవరి అట్ట కనిపించాలి, ఎవరిది తిప్పి పెట్టాలి? పిల్లలే తేలుస్తారు. 16, 2, 1 కనిపించాలి.

తెలుగు బడికి ఇంతకన్నా దగ్గరి దారి ఒకటుంది. హైస్కూలు తెలుగు వాచకంలో ఛందస్సు ఉంటుంది. పద్యపాదానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేయడం పరీక్షలో మార్కులు తెచ్చే ప్రశ్న. మూడక్షరాల గణాలు ఎనిమిదని పిల్లలకు కంఠతా వచ్చు. ఎనిమిదే ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. తెలుగు మేడమ్, లెక్కల సారు కలిసి ఒక్క పీరియడ్ తీసుకుంటే ఆ ప్రశ్న దగ్గరే కంప్యూటర్ మొదలవుతుంది.

తొమ్మిదో తరగతి అనుకుందాం. ముగ్గురు పిల్లలు ముందుకొస్తారు. చెయ్యి పైకెత్తితే గురువు, కిందికి దించితే లఘువు. మొత్తం ఎన్ని రకాలుగా నిలబడగలరో మిగతా క్లాసు చెప్పాలి. ముందు ఆరంటారు, ఏడంటారు, ఒక వరస రెండుసార్లు వస్తుంది, గొడవవుతుంది. గొడవ కానివ్వాలి. ఏదీ వదలకుండా, ఏదీ రెండుసార్లు రాకుండా వరసగా రాసే పద్ధతి కావాలని పిల్లలకే అనిపిస్తుంది. ఆ పద్ధతి పేరే అల్గారిథమ్. ఇప్పుడు సారు లఘువుకు సున్నా, గురువుకు ఒకటి వేయమంటాడు. మూడూ లఘువులైన న గణం సున్నా. చివర ఒక్క గురువున్న స గణం 1. నడుమ గురువున్న జ గణం 2. య గణం 3, భ గణం 4, ర గణం 5, త గణం 6. మూడూ గురువులైన మ గణం 7. బోర్డు మీద సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది గణాలు బారులు తీరి నిలబడతాయి. నాలుగో పిల్ల వచ్చి నిలబడితే పదహారు, ఐదో పిల్లవాడొస్తే ముప్పై రెండు. ఎనిమిది మంది నిలబడితే 256. కంప్యూటర్ భాషలో ఆ ఎనిమిది స్థానాలు కలిసి ఒక బైట్.

గణాలు గుర్తుండటానికి పిల్లలు నేర్చుకునే 'యమాతారాజభానసలగం' అనే పది అక్షరాల మాటలో ఇంకో అద్భుతం ఉంది. ఏ గణం కావాలో ఆ అక్షరం నుంచి మూడు అక్షరాలు లెక్కపెడితే ఆ గణం వస్తుంది. య దగ్గర మొదలుపెడితే యమాతా, లఘువు గురువు గురువు, య గణం. ఎనిమిది వరసలూ పది అక్షరాల్లో ఇమిడిపోయాయి, ఒక్కటీ మళ్లీ రాలేదు. ఇలాంటి అమరికను కంప్యూటర్ సైన్స్‌లో డి బ్రూయిన్ సీక్వెన్స్ అంటారు. 1946లో దాని మీద వ్యాసం రాసిన డచ్ గణితవేత్త పేరది. ప్రాచీన కాలంలో ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు కంప్యూటర్ కనిపెట్టాడని గొప్పలు పోనక్కరలేదు. ఆయన చేసింది ఛందస్సుల లెక్క, అదే చాలినంత గొప్పది. టీచరుకు ఇందులో కావలసింది వేరే ఉంది. ఇరవై ఏళ్లుగా తాను ధీమాగా చెబుతున్న పాఠంలోంచే ఈ కొత్త సబ్జెక్టులోకి నడిచి వెళ్లవచ్చు. కొత్త సబ్జెక్టు చెప్పలేనేమో అని వెనకాడే తెలుగు మేడమ్ ఈ పాఠం లెక్కల సారు కన్నా బాగా చెబుతుంది.

అదే తోవలో ముగ్గు. చుక్కలు, గీతలు, ఒకే కదలికను తిప్పి తిప్పి వేయడం. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ, రాణి సిరొమొనీ దంపతులు వాకిట్లో వేసే కోలాలను, అంటే తమిళ ముగ్గులను, పరిశీలించి, వాటి వెనకున్న నియమాలను కంప్యూటర్ సైన్స్ వ్యాకరణాలుగా రాశారు. అమెరికాలో 1967లో వాలీ ఫ్యూర్జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సొలొమన్ పిల్లల కోసం 'లోగో' భాష తయారు చేశారు. తెర మీది తాబేలుకు ఇంత ముందుకు, ఇంత కుడికి అని చెబితే అది నడుస్తూ బొమ్మ గీస్తుంది. పాపర్ట్ తాబేలుకు చెప్పే ముందు పిల్లలను తామే తాబేలై నడవమనేవాడు. మన బడి ఆవరణలో సుద్దముక్కతో అదే చేయవచ్చు. ఒక అమ్మాయి కళ్లకు గంతలు, ఒక అబ్బాయి మాట. పది అడుగులు ముందుకు, కుడికి తిరుగు, పది అడుగులు. నాలుగుసార్లు చెప్పాక చదరం మూసుకోలేదనుకోండి, ఎవరి తప్పు? నడిచిన అమ్మాయిదా, చెప్పిన అబ్బాయిదా? ఎక్కడ తేడా వచ్చిందో మొదటినుంచి మళ్లీ నడిచి చూడటమే డీబగ్గింగ్.

రాసే ముందు చదవాలి

ఇప్పుడు తాళం తీద్దాం. ల్యాబ్‌లో ఇరవై మంది పిల్లలకు ఎనిమిది సిస్టమ్స్, అందులో పనిచేసేవి ఆరు అనుకోండి. చాలా క్లాసుల్లో జరిగేది ఒకటే. టీచరు బోర్డు మీద ప్రోగ్రామ్ రాస్తాడు, పిల్లలు దాన్ని అక్షరం పొల్లుపోకుండా కొడతారు, ఎక్కడో ఒక కామా పోతుంది, ఎర్ర గీత వస్తుంది, ఇరవై చేతులు లేస్తాయి. టీచరు ఒక్కడే. పీరియడ్ అయిపోతుంది.

బ్రిటన్‌లో స్యూ సెంటెన్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు దీనికి విరుగుడుగా 'ప్రిమ్' అనే క్రమాన్ని తయారు చేశారు. ముందు ఊహించాలి, తర్వాత నడిపి చూడాలి, ఆపైన విప్పి చూడాలి, కొంచెం మార్చాలి, చివరికి సొంతంగా రాయాలి. పసిపిల్లలకు చదవడం రాకుండా వ్యాసం రాయమనం. కోడ్ విషయంలో మాత్రం మొదటి రోజే రాయమంటున్నాం. ఈ క్రమం అమల్లో పెడితే టీచరు భారమూ తగ్గుతుంది. పిల్లలందరూ ముందుగా పనిచేసే ప్రోగ్రామే తెరుస్తారు కాబట్టి ఎర్ర గీతలతో కాలం గడిచిపోదు.

పదో తరగతి పాస్ మార్కు 35. పిల్లలందరికీ తెలిసిన అంకె. దిమ్మెలు పేర్చి ప్రోగ్రామ్ తయారుచేసే స్క్రాచ్‌లో టీచరు ముందే తయారు చేసి పెట్టిన చిన్న ప్రోగ్రామ్ తీసుకుందాం. మార్కులు అడుగుతుంది. 35 కన్నా ఎక్కువైతే పాస్ అని, లేకపోతే ఫెయిల్ అని చూపిస్తుంది. అంతే. సిస్టమ్ ముట్టుకోకుండా పిల్లలు కాగితం మీద తమ ఊహ రాయాలి. 50 ఇస్తే? పాస్. 20 ఇస్తే? ఫెయిల్. 35 ఇస్తే? క్లాసు రెండుగా చీలుతుంది. పాస్ అని ఎక్కువమంది రాస్తారు, ఎందుకంటే లోకంలో అది పాసే. నడిపి చూస్తే ఫెయిల్ అని వస్తుంది. సరిగ్గా 35 తెచ్చుకున్న పిల్లను ప్రోగ్రామ్ ఫెయిల్ చేసేసింది. గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత కేకలు. ఎక్కడ తప్పు? 'కన్నా ఎక్కువ' అన్న ఒక్క షరతులో. 'సమానమైనా' అనే మాట చేర్చాలి. ఈ పాఠం నేర్చుకున్న పిల్లలకు ఒక సంగతి తెలిసిపోతుంది. యంత్రం చెప్పిందంటే మనిషి చెప్పినట్టే, ఆ మనిషి గీత ఎక్కడ గీశాడో వెళ్లి చూడాలి. రేపు వాళ్ల రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, బ్యాంకు లోను అన్నీ ఇలాంటి షరతుల మీదే ఆధారపడతాయి.

ఈ పాఠానికి టీచరుకు ఎంత కోడింగ్ తెలియాలి? ఆ నాలుగు దిమ్మెలు తెలిస్తే చాలు.

సిస్టమ్స్ తక్కువున్న చోట ఒక్కోదాని ముందు ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టడం ఎలాగూ తప్పదు. దాన్నే పద్ధతిగా చేస్తే మేలు. ఒకరు చేతులు, మిగతావాళ్లు కళ్లు. చేతులైన వాళ్లు కీబోర్డు మీద ఉంటారు, కళ్లైన వాళ్లు ఏం చేయాలో చెబుతారు, పది నిమిషాలకోసారి బెల్లు కొట్టి మార్చాలి. బెల్లు తప్పనిసరి. లేకపోతే కీబోర్డు ముందు అబ్బాయి పాతుకుపోతాడు, అమ్మాయి నోట్సు రాస్తూ మిగిలిపోతుంది. టీచరు కోపగించి చెబితే ఒకరోజు మారుతుంది. బెల్లు చెబితే ఏడాదంతా మారుతుంది.

కరెంటు పోయిన రోజుకు కాగితపు ముక్కలు సిద్ధంగా ఉంచుకోవాలి. పనిచేసే ప్రోగ్రామ్‌ను వరస వరసగా కత్తిరించి, కలిపేసి, మళ్లీ సరిగా పేర్చమనాలి. 2006లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ అనే ఇద్దరు న్యూజీలాండ్ అధ్యాపకులు ఈ పజిల్స్ గురించి రాశారు. వాటికి పార్సన్స్ ప్రాబ్లమ్స్ అన్న పేరు స్థిరపడింది. అందులో ఎక్కువైన ముక్క ఒకటి కలిపితే ఇంకా మంచిది.

'జ్ఞా' అనే అక్షరం

భాష సంగతి విడిగా చెప్పుకోవాలి. తెలుగు మీడియం పిల్లకు ఎర్రర్ మెసేజ్ ఇంగ్లీషులో వస్తే రెండు అడ్డంకులు ఒకేసారి ఎదురవుతాయి, ఏది భాష తప్పో ఏది ఆలోచన తప్పో తేలదు. తెలుగులో ఆలోచించి, తెలుగులో వాదించి, చివరి ఆజ్ఞలు మాత్రం ఇంగ్లీషులో కొట్టడం తప్పేమీ కాదు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తెలుగు ఇంజనీర్లు రోజూ చేసేది అదే. గోడ మీద పదిహేను ఎర్రర్ మెసేజ్‌లు, పక్కనే వాటి తెలుగు అర్థం రాసి అంటిస్తే సగం చేతులు లేవడం ఆగుతుంది. ఆ చార్టు పిల్లలే తయారు చేయాలి.

తెలుగు అక్షరాలే మంచి పాఠం కూడా. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి మొదలుపెట్టి 128 స్థానాలు ఇచ్చారు. అ అంటే 3077. 'రమ' అంటే 3120, 3118. 'రామ' అంటే ర తర్వాత దీర్ఘం గుర్తు 3134 వచ్చి చేరుతుంది. తమ పేరు అంకెల్లో చూసుకున్న పిల్లలు ఆ కాగితాన్ని పారేయరు. కంటికి ఒక్కటిగా కనిపించే 'క్ష' లోపల మూడు: క, పొల్లు, ష. ఇది తెలిశాక 2018 ఫిబ్రవరి కథ చెప్పాలి. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన వరసలో పంపితే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటి, తెలుగు అక్షరం కూర్పును తన ప్రోగ్రామ్‌లో సరిగా సంభాళించలేకపోయింది. కొద్దిరోజుల్లోనే సరిచేసిన వెర్షన్ విడుదల చేసింది. ఈ కథ విన్న పిల్లలకు రెండు ధైర్యాలొస్తాయి. ఎంత పెద్దవాళ్ల కోడ్‌లోనైనా తప్పులుంటాయి. కోడ్ రాసే గదిలో తమ భాష తెలిసిన మనిషి అవసరం.

ఎవరు ఏం ఇవ్వగలరు

టీచరు అలవాటు చేసుకోవలసిన మాట ఒక్కటే: "నాకూ తెలియదు, చూద్దాం పట్టు." క్లాసులో ఈ మాట అనడం మన బడుల్లో అంత తేలిక కాదు. తెలియదంటే పరువు పోతుందనే అలవాటులో పెరిగాం. కానీ కంప్యూటింగ్‌లో పదేళ్ల అనుభవమున్న ఇంజనీరూ రోజుకు పదిసార్లు ఆ మాటే అంటాడు. టీచరు తెలియనిదాన్ని ఎలా వెతుకుతున్నాడో పక్కన కూర్చుని చూడటం పిల్లలకు పాఠం కన్నా ఎక్కువ.

ఆ మాట అనే ధైర్యం హెచ్‌ఎం ఇవ్వాలి. మౌసు పాడైతే సంజాయిషీ అడగనని స్టాఫ్ మీటింగులో పైకి చెప్పాలి. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో పెన్నుతో రాయాలి, వేరే సబ్జెక్టు సిలబస్ మిగిలిందని వాటిని తీసుకోకూడదు. ఇన్‌చార్జి టీచరుకు పాఠం తయారు చేసుకోవడానికి ఒక లీజర్ పీరియడ్ విడిగా ఉండాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతాయి. అందులో అరగంట, ఒక్కొక్క బడి నుంచి ఒక్క పాఠం, అది ఎలా చెడిందో కూడా కలిపి చెప్పుకుంటే ఇంగ్లండ్ టీచర్లు 2008లో మొదలుపెట్టిన పని మన మండలంలోనూ మొదలైనట్టే.

ఇక పూర్వ విద్యార్థులు. గచ్చిబౌలిలో, బెంగళూరులో, డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు సొంత ఊరి బడికి కంప్యూటర్లు కొనిస్తున్నారు. ఆ మనసుకు దండం పెట్టాలి. కంప్యూటర్ ఇచ్చిన చేత్తోనే పదిహేను రోజులకు ఒక గంట కూడా ఇవ్వాలి, ఆ గంట పిల్లలకన్నా ముందు టీచరుకు ఇవ్వాలి. ఏడాదికోసారి వచ్చి పిల్లలకు ఉపన్యాసం చెప్పి వెళ్తే ఆ సాయంత్రం దాకా గుర్తుంటుంది. ఒక్క టీచరు ధైర్యంగా నిలబడితే ఆ బడికి పదేళ్లపాటు వచ్చే పిల్లలంతా నేర్చుకుంటారు. వీడియో కాల్‌లో టీచరు తన స్క్రీను చూపిస్తారు, రేపటి పాఠం నడిపిస్తారు, ఎక్కడ ఆగిందో ఇద్దరూ చూస్తారు. సాయం చేసేవాళ్లకు ఒక్క నియమం: టీచరు చేతిలోంచి మౌసు తీసుకోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, వేలు టీచరుదే అయి ఉండాలి.

ఇప్పుడు పిల్లల చేతుల్లో చాట్‌జీపీటీ కూడా ఉంది. అడిగితే పూర్తి ప్రోగ్రామ్ రాసిస్తుంది. దాన్ని నిషేధించి టీచరు నెగ్గలేడు, నెగ్గనక్కరలేదు. అది రాసిన ప్రోగ్రామ్‌నే ప్రింటు తీసి, 35 ఇస్తే ఏమొస్తుందో ముందుగా ఊహించి రాయమనాలి. ఊహించడం వచ్చిన పిల్లలకు ఆ యంత్రం పనిముట్టు.

తల్లిదండ్రులకు కోడింగ్ రానక్కరలేదు. రాత్రి అన్నాల దగ్గర "ఇవాళ నీ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పింది, ఎలా పట్టుకున్నావు?" అని అడిగితే చాలు. మార్కులు ఎన్నొచ్చాయన్న ప్రశ్న కన్నా ఇది ఎక్కువసేపు మాట్లాడిస్తుంది.

జూన్‌లో బడులు తెరిచే వారంలోనే టైంటేబుల్ రాస్తారు. హెచ్‌ఎం గార్లకు ఈ అధ్యాయం విన్నపం ఇది: ఆ కాగితంలో కంప్యూటర్ పీరియడ్లు మొదట రాయండి, ఇన్‌చార్జి టీచరుకు లీజర్ ఇవ్వండి, బీరువాలోని తాళంచెవిని స్టాఫ్ రూములో అందరికీ అందే మేకుకు తగిలించండి.